ఎడమ పలుకుతోంది, కుడి పలుకుతోంది

ఈ ఊళ్ళో ఇయర్‌ఫోన్లు తెగి చావవు,
ఉప్పు పట్టి చస్తాయి.
పిన్ను చివర పచ్చటి చిలుము,
గోటితో గీకితే సముద్రం వాసన.

అల్లిపురంలో మెట్ల కింద నా కొట్టు.
సోల్డరింగ్ ఐరన్, ఒక స్టూలు,
లేచి నిలబడితే తల పగిలే కప్పు.
వైరు అతికాక సరిచూడ్డానికి
రెండేళ్ళుగా ఒకటే ఆల్బం పెడుతున్నాను:
మజ్జి ఎస్తేరు పాడిన ‘ఆరని గొడుగు’.
ఎనిమిది పాటలు, ఒక గిటారు, ఒక గొంతు.
డప్పు లేదు, దరువు లేదు.
చప్పుడు తక్కువున్న చోటే కదా
వైరులో గరగర దొరికిపోయేది!
అందుకే పెట్టాను.
అభిమానం అనుకునేరు.

అడక్కపోయినా చెబుతారు జనం.

ఇంజనీరింగ్ కుర్రాడొకడు
కాసేపు తల ఊపడానికి ప్రయత్నించి మానేశాడు:
“అన్నా, డ్రమ్స్ వచ్చే వైరు కూడా తెగిందేమో చూడు.”

ఫిషింగ్ హార్బర్ నూకాలు
కొడుకు హెడ్‌సెట్ బాగుకి తెచ్చి
గంప కాళ్ళ దగ్గర దించి మరీ వింది.
“ఏటీ గుంట,
పక్కింట్లో పసిపిల్ల నెగిసిపోద్దన్నట్టు పాడతాది?
ఇలాగరిస్తే నా కవళ్ళు ఒక్కటీ అమ్ముడవ్వవు.”
నాలుగడుగులు పోయి వెనక్కి తిరిగింది:
“పేరేటన్నావు?”

విశాలాక్షినగర్ పాట టీచరు కామేశ్వరమ్మగారు
కళ్ళు మూసుకుని విన్నారు.
“రెండోదాంట్లో నిషాదం కాస్త కిందికి జారింది.
జారిందని తెలిసే వదిలేసింది ఆ అమ్మాయి.
అదే నాకు నచ్చట్లేదు,”
అని సంచిలో చిల్లర వెతుకుతూ
ఆ జారినచోటే రెండుసార్లు కూనిరాగం తీశారు.

స్టీల్ ప్లాంట్ సన్యాసిరావు ఆవులించాడు:
“పడుకోబెట్టేస్తోంది బాబూ!”
నెల తిరక్కుండా వచ్చాడు,
నైట్ షిఫ్టు దిగి, నిప్పుల్లాంటి కళ్ళతో:
“ఆ పడుకోబెట్టేది ఉంది చూడు,
అది నా ఫోన్లో ఎక్కించు.”

కేజీహెచ్ నర్సమ్మ ఏ అభిప్రాయమూ చెప్పలేదు.
“ఎడమది చాలు, కుడిది బాగుచెయ్యకండి.
ఆ చెవి వార్డుకి.”
సగం మజూరీ తీసుకున్నాను.

అన్నీ ఒకేలా ఉన్నాయన్నవాళ్ళు పద్నాలుగు మంది.
గోడ మీద పెన్సిలు గీతలున్నాయి, లెక్కపెట్టుకోవచ్చు.

“మరి మీకెలా ఉందండీ?” అంటే
నా జవాబు ఎప్పుడూ అదే:
“ఎడమ పలుకుతోంది, కుడి పలుకుతోంది.
నలభై ఇవ్వండి.”

నిజం చెప్పొద్దూ,
ఎనిమిదింటిలో ఏ ఒక్కటీ
నాకు అరనిమిషం దాటి తెలీదు.
పల్లవి గుమ్మంలో నిలబడి
చెప్పులు విడవకుండానే వెనక్కొచ్చేసేవాణ్ణి.

మొన్న అక్టోబరు వాయుగుండానికి
కరెంటు పోయింది. రోడ్డు మీద మోకాలిలోతు నీళ్ళు.
ఎవరూ రారు, నేను పోలేను.
ఎవరో తీసుకెళ్ళడం మరిచిన ఇయర్‌ఫోన్ తగిలించుకుని
ఫోన్లో మిగిలిన పదకొండు శాతంతో
చివరి పాట చివరిదాకా విన్నాను.

పాట అయిపోయాక
గిటారు గోడకి ఆనించిన చప్పుడు.
కుర్చీ కిర్రుమంది.
ఎక్కడో ఓడ కూత.
తర్వాత ఎవరో పెద్దావిడ, వంటింట్లోంచి కాబోలు:
“అయిపోనాదేటే? అన్నం సల్లారిపోతంది.”
ఒక నవ్వు.
నవ్వు సగంలో ఉండగా రికార్డు ఆగింది.

ఇంతమంది ఇన్ని చెప్పారు,
ఈ సంగతి ఒక్కరూ చెప్పలేదు.
వినలేదో,
విని ఎవరికి వాళ్ళు దాచుకున్నారో.

నీళ్ళు తీశాక నూకాలు వచ్చింది,
అదే హెడ్‌సెట్, మళ్ళీ అదే చిలుము.
గీకి, అతికి,
ఈసారి ఆ చివరి ముక్కే పెట్టాను.
గంప దించకుండానే వింది.
కాసేపు నన్ను చూసింది.
“తిన్నాదా మరి?”

ఏమో, అక్కడితో అయిపోయింది, అన్నాను.

నలభైకి ముప్పయ్యే చేతిలో పెట్టి
వానలో పోయింది.